మురుగు నుంచి చేపలు: తూర్పు కలకత్తా చిత్తడి నేలల చరిత్ర

నగర చరిత్రలో మురుగునీటికీ స్థానం ఉంది. ఇందుకు తూర్పు కలకత్తా చిత్తడి నేలలు మంచి ఉదాహరణ. 19వ శతాబ్దంలో బ్రిటిష్ పాలకులు నగరపు మురుగును తూర్పున ఉన్న విద్యాధరి నది వైపు మళ్లించారు. తరువాత ఆ నది పూడిపోవడంతో అక్కడి ఉప్పునీటి చెరువులకు నీరు కరువైంది. 1930ల నుంచి చేపల పెంపకందారులు నగరపు మురుగునే చెరువుల్లోకి కొద్దికొద్దిగా వదలసాగారు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది? లోతు తక్కువైన చెరువుల్లో ఎండ వల్ల నాచు పెరుగుతుంది. అది విడుదల చేసే ఆక్సిజన్‌తో బాక్టీరియా మలినాలను విచ్ఛిన్నం చేస్తుంది. నాచును తిని చేపలు పెరుగుతాయి. చెరువు నుంచి బయటికి వచ్చిన నీరు వరిపొలాలకు పారుతుంది. మురుగు ఎంత, ఎప్పుడు వదలాలో అనుభవజ్ఞులైన పనివారు నీటిని చూసే నిర్ణయిస్తారు.

1980లలో ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ ఈ పరిజ్ఞానాన్ని లోకానికి తెలియజేశారు. 2002లో 12,500 హెక్టార్ల ఈ ప్రాంతానికి రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు లభించింది. అయినా రెండు ప్రమాదాలు మిగిలి ఉన్నాయి. ఒకటి, చెరువులను పూడ్చి ఇళ్లు కట్టడం. రెండోది, కర్మాగారాల భారలోహాలు మురుగులో కలవడం. ఇవి ఎండకూ నాచుకూ లొంగని విషాలు. కాబట్టి మురుగును వనరుగా వాడుకోవాలంటే, అందులో ఏవి కలుస్తున్నాయో ముందుగా అదుపు చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరి మురుగు ఎక్కడికి చేరుతోంది? దానిని వాడుకుంటున్నదెవరు?