ముద్ద ముట్టని కుక్క: నెల్లూరు తీరంలో రేబిస్ చికిత్స చరిత్ర

కుక్క ముద్ద ముట్టకపోవడానికి అజీర్ణం, నులిపురుగులు, పిడుదుల వల్ల సోకే జ్వరం వంటి కారణాలు ఎన్ని ఉన్నా, వాటిలో అత్యంత ప్రమాదకరమైనది మెదడును దెబ్బతీసే రేబిస్, అనగా జనం పిచ్చికుక్క వ్యాధి అని పిలిచేది. నెల్లూరు తీరంలో ఈ వ్యాధికి జరిగిన చికిత్స చరిత్ర చాలావరకు కుక్కది కాదు, దాని కాటుకు గురైన మనిషిది.

ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలో విషచికిత్సను వివరించే కల్పస్థానం పిచ్చెత్తిన కుక్కకు తోక, దవడ, భుజాలు వేలాడతాయని, నోట చొంగ కారుతుందని వర్ణించి, కాటు తిన్నవాడు నీటిని చూసి బెదరడాన్ని, అంటే జలత్రాసాన్ని, మరణసూచకంగా ఎంచింది. దవడ వేలాడడం గురించిన ఈ పరిశీలన ఎంతో విలువైనది. పక్షవాత రూపంలో వచ్చే రేబిస్‌లో దవడ, గొంతు కండరాలు చచ్చుబడి కుక్క మింగలేకపోతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందని భ్రమపడిన యజమాని దాని నోట్లో చేయి పెడితే, చేతి మీది గీరుగాయాల్లోకి చొంగ చేరి వ్యాధి సోకవచ్చు.

1885లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ రేబిస్ టీకాను మనిషికి తొలిసారి ఇచ్చిన తరువాత, మన దేశంలో 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను చికిత్సా సంస్థలు వెలిశాయి. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన నెల్లూరు జిల్లాకు దగ్గరిది కూనూరే కాగా, కరిచిన నాటి నుంచి ప్రతి దినమూ విలువైన ఈ వ్యాధిలో, బండి మీదనో బకింగ్‌హామ్ కాలువ పడవలోనో తీరం విడిచి, మద్రాసు మీదుగా కొండ రైలెక్కి చేరవలసిన ఆ దూరం పేదవారికి పెను భారం. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో రూపొందించిన టీకాను జిల్లా ఆసుపత్రులకు పంపే వీలు ఏర్పడినా, బొడ్డు చుట్టూ వరుసగా పొడిచే ఆ సూదులు తరతరాలకు భయం మిగిల్చాయి. గొర్రె మెదడు కణజాలంతో చేసిన అటువంటి టీకా తయారీని భారతదేశం 2004 చివరికి గాని ఆపలేదు.

కుక్కకే టీకా వేసి వ్యాధిని మూలంలోనే ఆపాలన్న ఆలోచనను జపాన్‌లో ఉమెనో, డోయీ అనే పరిశోధకులు 1921 నాటికే ఆచరణలోకి తెచ్చారు. మన దేశంలో దానికి తగిన ప్రాధాన్యం లభించకపోవడం బాధాకరమైన లోపం. టీకా పడని కుక్క తిండి మాని, చొంగ కారుస్తూ దవడ వేలాడేస్తే, దాని నోరు తెరిచి చూడక, విడిగా ఉంచి పశువైద్యుని పిలవాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకా మొదలుపెట్టి, కుక్కను పది రోజులు గమనించాలి. ఆ గడువులో అది ఆరోగ్యంగా ఉంటే, కరిచేనాటికి దాని చొంగలో వైరస్ లేదని నిర్ధారించవచ్చు.