భిలాయ్ ఎముకకు ఏ కొలబద్ద? అస్థి కొలతలతో లింగ నిర్ధారణపై ఒక పరిశీలన

ఒక రొమ్ము ఎముక దొరికిందనుకుందాం. దాని పైముక్క, నడిమి ముక్క కలిపి కొలిస్తే 142 మిల్లీమీటర్లు వచ్చింది. యూరోపియన్ల ఎముకలను పరిశీలించి ఆష్లే 1956లో చెప్పిన '149 సూత్రం' ప్రకారం ఇది స్త్రీది. అదే ఆష్లే తూర్పు ఆఫ్రికా వారికి పెట్టిన హద్దు 136. ఆ లెక్కన ఇది పురుషుడిది. చండీగఢ్‌లో జిత్, ఝింగన్, కులకర్ణి 400 ఉత్తర భారతీయుల రొమ్ము ఎముకలు కొలిచి, మొత్తం పొడవు 140 దాటితే పురుషుడు, 131కి తగ్గితే స్త్రీ అని 1980లో తేల్చారు. వాళ్ల లెక్కలోనూ ఇది పురుషుడిదే. ఎముక ఒక్కటే, కొలత ఒక్కటే. తీర్పు మాత్రం కొలబద్దను బట్టి మారిపోయింది.

ఈ చిక్కు ఎక్కడైనా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో మరీ ఎక్కువ. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఉక్కు పట్టణం ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్లు, ఒడిశా, బెంగాల్, కేరళ, పంజాబ్, బీహార్‌ల నుంచి ఇంకెందరో పనికోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. అప్పటికే చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెలున్నాయి. ఈ ఊరిని 'మినీ ఇండియా' అనడం ఇక్కడివాళ్లకు మామూలు. పొగడ్తగా అనే ఆ మాటే ఫోరెన్సిక్ ఆంత్రోపాలజిస్టుకు తలనొప్పి. ఫలానా జనసమూహానికి ఫలానా హద్దు అంటుంది పుస్తకం. ఊరూపేరూ లేని ఎముక ఏ జనసమూహానిదో ఎవరు చెప్పాలి? అది తెలిసేదాకా కొలబద్దను ఎంచుకోలేం. అది తెలిసే సరికి చాలాసార్లు మనిషెవరో కూడా తెలిసిపోతుంది.

కొలతల్లో ఏముంది

సగటున పురుషుల ఎముకలు పెద్దవి. కీళ్ల దగ్గర ఈ తేడా బాగా కనబడుతుంది. యౌవనారంభంలో హార్మోన్ల పనివల్ల, ఎముకలు పెరిగే కాలం మగపిల్లల్లో కొంత ఎక్కువ సాగడంవల్ల ఇది వస్తుంది. అందుకే చిన్నపిల్లల ఎముకలను కొలిచి ఆడా మగా చెప్పడానికి జాగ్రత్త తెలిసిన నిపుణుడెవరూ సాహసించడు. పెద్దల్లో కూడా రెండు గుంపులూ పూర్తిగా విడిపోవు. పొట్టి పురుషుడు, పొడగరి స్త్రీ మధ్యలో ఒకేచోట కలుస్తారు.

పియర్సన్, బెల్ 1919లో ఇంగ్లీషువారి తొడ ఎముకలను గణితంతో పరీక్షించిన నాటినుంచి ఆ ఎముక తలకాయ వ్యాసం ఈ రంగంలో పేరున్న కొలత. అమెరికన్ శాస్త్రవేత్త స్టీవర్ట్ దానికి ఐదు మెట్లు కట్టాడు. 42.5 మిల్లీమీటర్లకు తక్కువైతే స్త్రీ, 43.5 వరకు బహుశా స్త్రీ, 46.5 వరకు చెప్పలేం, 47.5 వరకు బహుశా పురుషుడు, ఆపైన పురుషుడు. ఈ మెట్లలో నాకు నచ్చేది నడిమిది. చెప్పలేనప్పుడు చెప్పలేం అని ఒప్పుకోవడానికి అక్కడ ఏకంగా మూడు మిల్లీమీటర్ల చోటుంది. మన పోలీసు కాగితాల్లో ఆ చోటు కనబడదు. గడిలో ఆడా మగా ఏదో ఒకటి రాయాల్సిందే.

అయితే ఈ అంకెలు అమెరికన్ ఎముకల మీద పుట్టినవి. భారతీయుల తొడ ఎముకలపై జరిగిన అధ్యయనాల్లో హద్దులు సాధారణంగా ఇంతకంటే కిందనే తేలాయి. కాబట్టి స్టీవర్ట్ అంకెలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు వాడితే, చిన్న శరీరమున్న పురుషులు స్త్రీల లెక్కలో పడతారు. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న విడిపోయేదాకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది గనక, భోపాల్ మెడికో లీగల్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఎముకల మీద రూమా పుర్కాయిత్ చేసిన పరిశోధనలు మనకు దగ్గరివి. తొడ ఎముక పైకొన మీద మూడు బిందువులు కలిపి ఒక త్రిభుజం గీసి, దాని భుజాల కొలతలతో లింగం చెప్పవచ్చని ఆమె 2005లో ప్రతిపాదించారు. విరిగిపోయి సగమే మిగిలిన ఎముకకు ఇలాంటి పద్ధతి బాగా పనికొస్తుంది. కుక్కలు, నక్కలు కొరికే శవాల విషయంలో ఇది ఆషామాషీ సంగతి కాదు. అవి ముందు పట్టేది పొడుగు ఎముకల కొనలనే; కింది కొన పోయినా పైకొన మిగిలితే ఈ పద్ధతికి చాలు.

భారతీయ అనాటమిస్టులు ఇంకో దారి కూడా చూపారు. జిత్, సింగ్ 1966లో జత్రుకల (కాలర్ బోన్‌ల) అధ్యయనంలో 'డిమార్కింగ్ పాయింట్' అనే ఆలోచనను వాడారు. రెండు గుంపుల సగటుల నుంచి మూడేసి ప్రామాణిక విచలనాల దూరంలో గీతలు గీసి, వాటికి ఆవల పడిన ఎముకకే తీర్పు చెప్పడం ఈ పద్ధతి. ఇలా చెప్పిన తీర్పు దాదాపు తప్పదు. కానీ ఎక్కువ ఎముకలు నడిమధ్యనే మిగిలిపోతాయి. నూరింటిలో కొన్నిటికే కచ్చితంగా చెప్పి మిగతావాటికి మౌనంగా ఉండాలా, అన్నిటికీ ఏదో ఒకటి చెప్పి కొన్నిటిలో తప్పాలా? పరిశోధన పత్రంలో రెండోది బాగుంటుంది, శాతాలు పెద్దగా కనబడతాయి. కోర్టులో మొదటిదే నిలబడుతుందని నా అభిప్రాయం.

నమూనాల్లో ఒక వంకర కూడా ఉంది. చండీగఢ్‌లోని ఆ 400 రొమ్ము ఎముకల్లో 312 పురుషులవి, 88 మాత్రమే స్త్రీలవి. మన దేశంలో శవపరీక్షకు, అనాటమీ విభాగాలకు చేరే శరీరాల్లో పురుషులవే ఎక్కువ. భోపాల్ నమూనాలోనూ అంతే. నమూనాలోనే కాదు, చూసే కంటిలోనూ వంకర ఉంది. పురావస్తు అస్థిపంజరాల లెక్కల్లో పురుషుల వైపు సుమారు 12 శాతం మొగ్గు కనబడుతోందని వైస్ 1972లోనే ఎత్తిచూపాడు. అనుమానం ఉన్న చోట కన్ను పెద్ద ఎముకను పురుషుడిగా చూడటమే దానికి ఒక కారణం.

ముందు కటి, తర్వాతే కొలబద్ద

జనసమూహాన్ని బట్టి అంతగా మారని గుర్తు కావాలంటే నడుము దగ్గరికే వెళ్లాలి. కాన్పుకు తగ్గట్టు స్త్రీ కటి వలయం రూపుదిద్దుకుంటుంది. ఇక్కడ పరిమాణం కంటే ఆకారం ముఖ్యం. ఫెనీస్ 1969లో జఘనాస్థి మీద మూడు గుర్తులు చూపాడు. ఎముక ముందరి తలం మీద సాగే వంపు గీత, కింది అంచులో లోపలికి పోయిన పల్లం, లోపలి అంచు సన్నని గట్టులా ఉండటం. ఈ మూడూ స్త్రీ కటిలో కనిపిస్తాయి. అతను పరీక్షించిన నమూనాలో 96 శాతం సరిగ్గా వచ్చాయి. అయినా తొందరపడకూడదు. ఈ ముందుభాగం పలుచన, మట్టిలో త్వరగా చెడిపోతుంది. మిగిలేది తరచుగా వెనక భాగంలోని పెద్ద గాడి. అది స్త్రీలలో వెడల్పుగా, పురుషుల్లో ఇరుకుగా ఉంటుంది, కానీ నడిమి రకాలు చాలా.

ఆకారమూ కొలతా రెండూ కలిపి చూడాల్సిన సందర్భాలూ ఉంటాయి. 2017 ఫిబ్రవరిలో రాయ్‌పూర్ సుందర్ నగర్‌లో ఒక ఇంటి పెరట్లో ఒక దంపతుల అవశేషాలను తవ్వి తీశారు. హత్య జరిగి ఏళ్లు గడిచాయి. ఒకే చోట రెండు శరీరాల ఎముకలు ఉన్నప్పుడు లింగ నిర్ధారణ వేర్పాటు పని కూడా చేస్తుంది. ఏ ముక్క ఎవరిదో విడదీశాకే గాయాల గుర్తుల గురించి మాట్లాడగలం. అలాంటప్పుడు ఒక్క తొడ ఎముకను కొలిచి ఊరుకోకూడదు. రెండు కటులు, రెండు పుర్రెలు, పొడుగు ఎముకల జంటలు అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. డీఎన్ఏ పరీక్ష ఉంది కదా అనొచ్చు. ఉంది. కానీ ఏ ముక్కలోంచి నమూనా తీయాలో, ఏ రెండు ముక్కలు ఒకే మనిషివో ముందుగా చెప్పేది ఎముకలు చదవగల మనిషే.

వేడి చేసే మోసం

ఉక్కు పట్టణంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక గండం నిప్పు. 2018 అక్టోబర్ 9న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో కోక్ ఒవెన్ గ్యాస్ పైపులైన్ దగ్గర చెలరేగిన మంటల్లో పదిమందికి పైగా చనిపోయారు. అలాంటి ప్రమాదాల్లో ముఖాలు గుర్తుపట్టలేకుండా పోతాయి.

కాలిన ఎముక కొలతలకు లొంగదు. తక్కువ వేడిలో అది నల్లబడుతుంది, కొద్దిగానే కుంచించుకుంటుంది. సుమారు 700 డిగ్రీలు దాటాక బూడిదరంగు పోయి తెల్లబడుతుంది, అప్పుడు కుంచించుకోవడం బాగా పెరిగి కొన్నిసార్లు 25 శాతం దాకా వెళుతుంది. మామూలుగా 47 మిల్లీమీటర్లుండే తొడ ఎముక తలకాయ అందులో పదోవంతు తగ్గితే 42.3కి దిగుతుంది. స్టీవర్ట్ మెట్లలో 'బహుశా పురుషుడు' నుంచి నేరుగా 'స్త్రీ' దాకా జారిపోతుంది. తెల్లబడిన ఎముక మీద కాలిపర్స్ పెట్టి హద్దుతో పోల్చడం వృథా. పైగా తప్పు ఎప్పుడూ ఒకే వైపు పోతుంది, పురుషుడే స్త్రీగా కనబడతాడు. తొడల, పిరుదుల కండరాల మాటున కటి కొంత కాపాడబడుతుంది కాబట్టి ఆకారం చూసే పద్ధతికి ఇక్కడా అవకాశం ఎక్కువ.

దీనికి తోడు ఊహ చేసే మోసం ఒకటుంది. కర్మాగారంలో దొరికింది గనక పురుషుడే అయ్యుంటాడని ముందే అనుకోవడం సులభం. కానీ కాంట్రాక్టు పనుల్లో, కట్టడాల దగ్గర రేజాలు, అంటే కూలిపని చేసే ఆడవాళ్లు, ఉంటారు. హాజరు పుస్తకంలో పేరు లేని మనిషి శవం తప్పు లింగం కింద నమోదైతే ఆమె కోసం వెతికే కుటుంబానికి దారి మూసుకుపోయినట్టే. అందుకే పరీక్షకుడికి ఎముక ఎక్కడ దొరికిందో చెప్పక ముందే కటి చూపించాలి.

కొలబద్దను ఇక్కడే తయారుచేసుకోవడం

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్ నిపుణుల అభిప్రాయానికి విలువనిస్తుంది. ఆ అభిప్రాయం ఏ జనసమూహపు కొలతల మీద నిలబడిందని డిఫెన్స్ లాయర్ అడిగితే జవాబు ఉండాలి. 'ప్రామాణిక గ్రంథాల ప్రకారం' అన్న ఒక్క మాట జవాబు కాదు.

మార్గం ఉంది, ఖర్చూ తక్కువే. ఆసుపత్రుల్లో వేరే జబ్బుల కోసం తీసే సీటీ స్కాన్లలో కటి, తొడ ఎముక, రొమ్ము ఎముక స్పష్టంగా కనబడతాయి. రోగి అనుమతితో, పేరు తీసేసి, లింగం, వయసు, పుట్టిన జిల్లా, అమ్మానాన్నల మాతృభాష మాత్రం రాసుకుంటే, భిలాయ్ సెక్టార్ 9 ఆసుపత్రి, రాయ్‌పూర్ ఎయిమ్స్ కలిసి మధ్యభారతపు కొలతల నిధిని కూర్చగలవు. శ్మశానాల నుంచి ఎముకలు సేకరించే పాత పద్ధతి అక్కర్లేదు, స్త్రీల వాటా తక్కువైపోతుందన్న బెంగా ఉండదు. రాయ్‌పూర్ పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలోని ఆంత్రోపాలజీ విభాగం ఈ పని చేయవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం స్కాన్లను విశాఖపట్నం నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు జత చేస్తే, భిలాయ్‌లోని తెలుగు కుటుంబాల ఎముకలు పుట్టినచోటి వాటితో ఎంత పోలుతున్నాయో, రెండు మూడు తరాల తిండీ పనీ వాటిని ఎంత మార్చాయో తెలుస్తుంది. ఈ లోగా ఎముకల నివేదిక రాసే ప్రతివారికీ ఒక విన్నపం: ఏ ఎముక కొలిచారో, ఏ హద్దు వాడారో, ఆ హద్దు ఎవరి ఎముకల మీద పుట్టిందో మూడూ రాయండి. చెప్పలేనప్పుడు చెప్పలేమనే రాయండి.