మడత కుర్చీ మోసిందెవరు?

పాత సామాన్ల వేలంపాటల్లో ఇవాళ రూర్కీ కుర్చీకి మంచి గిరాకీ. కీళ్ళకు జిగురక్కర్లేదు. కాళ్ళూ అడ్డకర్రలూ ఊడదీసి కాన్వాసు గుడ్డలో చుట్టేయొచ్చు. చేతులు ఆనించుకోడానికి తోలు పట్టీలు. 1890ల చివర్లో రూర్కీలోని సైనిక ఇంజినీర్ల దగ్గర పుట్టిందిది. అంతకుముందే ఇత్తడి మూలల సొరుగుల పెట్టెలుండేవి. రెండు ముక్కలుగా విడదీసి పశువులమీద కట్టేవాళ్ళు. కొన్నిటిమీద దొర పేరు కూడా చెక్కి ఉంటుంది.

మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. 1838లో అఫ్ఘనిస్తాన్‌కి బయల్దేరిన బెంగాల్ దళంలో సైనికులు సుమారు 9,500. వెంట నడిచిన పనివాళ్ళు 38,000! గుడారాలు పాతే ఖలాసీలు, నీళ్ళు మోసే భిస్తీలు, పాకీపని చేసే మెహతర్లు. అందరూ అంటరానివాళ్ళేనని మేం అనం. కానీ దొరల మలం ఎత్తే పని ఎవరికి వదిలారో చెప్పాలా? 1842 జనవరిలో కాబూల్ నుంచి వెనుదిరిగిన 4,500 మంది సైన్యం వెంట ఇలాంటివాళ్ళు 12,000 మంది. చాలామంది ఆ మంచులోనే పోయారు.

రూర్కీ కుర్చీ పుట్టిన ఆ దశాబ్దంలోనే, 'యుద్ధజాతులు' కారని మహర్లను సిపాయిలుగా చేర్చుకోవడం ఆపేశారు. మెహతర్ కొలువులు మాత్రం అలాగే ఉన్నాయి.