ఇసుకరాతి మీద జేగురు గీత

బిలాస్‌పూర్ నుండి హౌరా వైపు సాగే రైలుమార్గంలో, రాయగఢ్ ఇంకా సుమారు 20 కిలోమీటర్ల దూరముండగా భూపదేవ్‌పూర్ అనే చిన్న స్టేషను తగులుతుంది. దానికి చేరువలో ఉన్న సింఘన్‌పూర్ కొండపై ఇసుకరాతి గుహలున్నవి. 1910లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇంజనీరు సి. డబ్ల్యు. ఆండర్సన్ ఆ గుహల గోడలపై ఎర్రని బొమ్మలను గుర్తించారు. మనుషులు, జంతువులు, వేట దృశ్యాలు. ఆ కొండ కింది పల్లెవాసులకు అవి కొత్త కాకపోవచ్చు. చరిత్రకారులకు మాత్రం వాటి సంగతి రైల్వే ఉద్యోగి ద్వారానే తెలిసింది.

ఇది కేవలం యాదృచ్ఛికం కాదు. 1887లో ఏర్పడిన ఆ రైల్వే సంస్థ 1891 నాటికి నాగపూర్‌ను బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్‌తో కలిపింది. అంతవరకు అడవిదారులలో దాగి ఉన్న కొండలు సర్వేయర్లకు, ఇంజనీర్లకు అందుబాటులోకి వచ్చాయి. బిలాస్‌పూర్ రైల్వే పట్టణంగా పెరిగింది. ఉత్తరాంధ్ర నుండి ఉద్యోగాలకై వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు అదే ప్రధాన కేంద్రమైంది. భీంబేట్కా గుహల విషయంలోనూ రైలు పాత్ర ఉన్నది: 1957లో వి. ఎస్. వాకణ్‌కర్ రైలులో పోతూ కిటికీలోనుండి ఆ రాళ్ళను చూసే అక్కడికి వెళ్ళారు.

సింఘన్‌పూర్ చిత్రాల గురించి ఆండర్సన్ వ్యాసం 1918లో బీహార్–ఒరిస్సా పరిశోధక సంఘ పత్రికలో వెలువడింది. 1931లో అమరనాథ్ దత్తా ఒక గ్రంథమే ప్రకటించారు. మరుసటి ఏడాది పురావస్తు శాఖ ప్రచురించిన మనోరంజన్ ఘోష్ పరిశీలనలో కూడా ఈ గుహలకు చోటు దక్కింది. కాలనిర్ణయంలో పండితులకు పొత్తు కుదరలేదు. దత్తా వీటికి అతిప్రాచీనత నాపాదించగా, పచ్‌మఢీ ప్రాంతపు గుహాచిత్రాలను పరిశీలించిన డి. హెచ్. గోర్డన్ మధ్యభారత చిత్రాలకు అంతటి వయస్సును అంగీకరించలేదు.

అయితే వయస్సు కంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆ రంగు రాతిని ఎట్లా పట్టుకున్నది? ఇసుకరాయి అంటే గట్టిపడిన ఇసుకే. స్ఫటిక రేణువులు ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడిన ఆ ఉపరితలం వడ్రంగి వాడే ఉప్పుకాగితం వలె గరుకుగా ఉంటుంది. దానిపై జేగురు ముక్కను రాస్తే, పైకి లేచిన రేణువులు ముక్కను అరగదీసి పొడిని నిలుపుకుంటాయి. నడుమనున్న గుంటలు ఖాళీగా ఉండిపోతాయి. తడిరంగు పూస్తే అది గుంటలలోకి కూడా దిగుతుంది. అందువల్ల భూతద్దంతో గుంటలను పరికించడం ఏ గీత పొడిగా గీసినది, ఏది పూసినది అని విచారించడానికి ఒక మార్గం. భీంబేట్కా తవ్వకాలలో ఒకవైపు అరిగి నునుపుదేలిన జేగురు ముక్కలు దొరికాయి. పొడి చేయడానికి అరగదీసినవో, నేరుగా గీయడానికి వాడినవో వాటిని చూసి మాత్రమే తేల్చలేము. కాని గాలికి, వానకు మొదట గురియయ్యేవి పైకి లేచిన రేణువులే గనుక, పొడిగీతలే ముందుగా నశించి ఉంటాయని భావించవచ్చు. నేడు కనబడుతున్నది అప్పటి చిత్రకళ మొత్తం కాదు, నిలువగలిగిన భాగం మాత్రమే.

ఇదే సూత్రం ఆధునిక చిత్రకారుని బల్లమీద మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. రంగు పెన్సిలు పందొమ్మిదవ శతాబ్దపు సృష్టి. జర్మనీకి చెందిన ఫాబర్-కాస్టెల్ సంస్థ 1908లో పాలిక్రోమోస్ పెన్సిళ్ళను విడుదల చేసింది. అంటే ఆండర్సన్ సింఘన్‌పూర్ చేరుకోవడానికి రెండేళ్ళ ముందు. నున్నని కాగితంపై నాలుగైదు పొరలు పడేసరికి పెన్సిలులోని మైనం ఉపరితలాన్ని కప్పివేసి, తరువాతి పొరను జారవిడుస్తుంది. సన్నని ఇసుకపూత పూసిన కాగితంపై ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ముదురు రంగుపై లేతరంగు నిలుస్తుంది. రాలిన పొడిని పొడికుంచెతో సర్దవచ్చు. బదులుగా పెన్సిలు త్వరత్వరగా అరిగిపోతుంది, మొన నిలువదు, సన్నని గీత చెదురుతుంది. గుహలో గీసినవానికీ ఈ చిక్కు తప్పి ఉండదు.

ఈ పోలిక వినోదానికి చెప్పినది కాదు. సింఘన్‌పూర్ చిత్రాలు నేడు బాగా వెలిసిపోయాయి. పాత ప్రతులే అనేక బొమ్మలకు ఆధారం. ప్రతి తీసేవాడు నున్నని కాగితంపై స్పష్టమైన గీత గీసిననాడు, రాతిపై తెగిపోయిన గీత ప్రతిలో తెగనిదిగా మారుతుంది, సందేహం నిశ్చయమవుతుంది. సింఘన్‌పూర్‌లో కంగారువంటి జంతువొకటి ఉన్నదని వర్ణనలలో వ్రాశారు. భారతదేశంలో కంగారు ఎన్నడూ లేదు. ఆ వింతకు కారకుడు గీసినవాడా, రాతి అరుగుదలయా, చూచినవారి ఊహయా? ఫోటో వెలుతురును పట్టుకుంటుంది గాని, ఒక మచ్చ రంగుదో రాతిదో తానై విడదీయదు. ఆ పని ఓపికగల కంటిది, చేతిది. గరుకు కాగితంపై రంగు పెన్సిలుతో తీసిన ప్రతి రాతి గరుకుతనాన్ని, ఖాళీలను సూచించగలదు గనుక, ఫోటోకు తోడుగా అటువంటి ప్రతులు తీయించడం పురావస్తు శాఖలు ఆలోచించదగిన పని. ఖర్చు స్వల్పం, కావలసినది శిక్షణ.

తెలుగునాట కూడా దీనికి అవకాశమున్నది. 1990లో వెలుగులోకి వచ్చిన పాండవులగుట్ట, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, ఇసుకరాతి కొండే. అక్కడి గోడలపై కూడా ఎర్రని బొమ్మలున్నవి.