కలిసి పనిచేసే మందులు: సుబ్బారావు మెథోట్రెక్సేట్ నుండి ఇమ్యూనోథెరపీ దాకా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ముదిరిన క్యాన్సర్లకు ఇమ్యూనోథెరపీని, టార్గెటెడ్ మందులను కలిపి ఇవ్వడం నేటి వైద్యంలో ప్రధాన ధోరణి. ఈ కలయిక ఆలోచనకు దీర్ఘమైన చరిత్ర ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు బృందం రూపొందించిన మెథోట్రెక్సేట్‌ను ఆధారంగా తీసుకొని ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సుబ్బారావు, మెథోట్రెక్సేట్, సమ్మిళిత చికిత్స, ఇమ్యూనోథెరపీ, నోటి క్యాన్సర్.

1. ఉపోద్ఘాతం

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. 1948 ఆగస్టులో అమెరికాలో మరణించారు. తెలుగువారు ఆయనను తలచుకునేటప్పుడు పేదరికం, విదేశయానం, దక్కని గుర్తింపు అనే అంశాలే ముందుకు వస్తాయి. అయితే ఔషధ చరిత్రను కేవలం వ్యక్తి చరిత్రగా చదివితే ఒక ప్రశ్న మరుగున పడుతుంది. పిల్లల ల్యుకేమియాను తానొక్కటిగా నయం చేయలేకపోయిన మందు, ఆ వ్యాధి చికిత్సలో నేటికీ ఎలా నిలిచి ఉంది?

2. ఒంటరి మందు: 1947–48

1931లో లూసీ విల్స్ బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో, గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని ప్రకటించారు. అందులోని పోషకమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు నాయకత్వంలో, 1945 నాటికి ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఈ వర్గపు పదార్థాలను ల్యుకేమియా రోగులకు ఇచ్చినప్పుడు వ్యాధి వేగం పెరిగినట్లు గమనించారు. పెంచేది ఇదైతే, దీనికి విరోధి అయిన పదార్థం వ్యాధిని అణచాలి. సుబ్బారావు బృందంలోని డోరిస్ సీగర్ తదితరులు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను రూపొందించారు. మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువు వంటిది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కనిపించింది. కాని అది తాత్కాలికం. కొద్ది నెలలకే వ్యాధి తిరగబెట్టింది.

3. నాలుగు మందుల పాఠం

వ్యాధి ఎందుకు తిరగబెడుతుంది? ల్యుకేమియా కణాలలో మందుకు లొంగని మార్పులు వాటంతట అవే పుడతాయని, మందు మిగిలినవాటిని చంపి వాటికి చోటిస్తుందని 1952లో లాయిడ్ లా ఎలుకలపై చేసిన ప్రయోగాలతో చూపారు. క్షయ చికిత్సలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు కూడా ఇదే సమస్య ఎదురైంది. మరో మందును జోడించడమే అక్కడ దొరికిన మార్గం.

1960ల ఆరంభంలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ బృందం ఈ పాఠాన్ని ల్యుకేమియాకు అన్వయించింది. విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్‌కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ అనే నాలుగింటిని కలిపి ఇచ్చారు. ఇందులో విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పూచే బిళ్ళగన్నేరు నుండి వచ్చింది. ఒక్కొక్క మందు కణాన్ని ఒక్కొక్క చోట దెబ్బతీస్తుంది కాబట్టి ఒకదానికి లొంగని కణం మరొకదానికి లొంగే అవకాశం పెరిగింది. ఆ దారిలో సాగిన చికిత్సలతో నేడు సంపన్న దేశాలలో ఈ జబ్బు సోకిన పిల్లలలో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. మెథోట్రెక్సేట్ ఒక్కటే నయం చేసిన క్యాన్సర్ లేకపోలేదు. గర్భసంబంధమైన కోరియోకార్సినోమా విషయంలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ 1956లో దీన్ని చూపారు. అయినా పిల్లల ల్యుకేమియాలో ఆ మందుకు దీర్ఘాయువు నిచ్చింది తోడు మందులే.

4. కలయిక కొత్త రూపం

టార్గెటెడ్ మందు క్యాన్సర్ కణం ఆధారపడే నిర్దిష్టమైన సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఇమ్యూనోథెరపీ కణాన్ని నేరుగా తాకదు. శరీర రక్షణకణాలపై పడిన కళ్లేన్ని సడలిస్తుంది. ఈ కళ్లేన్ని గుర్తించిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. ఈ రెండు మార్గాలూ కలిసినప్పుడు ఏమవుతుందో ముదిరిన కాలేయ క్యాన్సర్‌పై 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. 501 మంది పాల్గొన్న ఆ పరిశోధనలో అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి పొందినవారిలో ఏడాదికి 67.2 శాతం మంది జీవించి ఉండగా, సొరాఫెనిబ్ పొందినవారిలో అది 54.6 శాతం.

అన్ని జోడింపులూ మేలు చేస్తాయని చెప్పలేము. చర్మ క్యాన్సరైన మెలనోమాలో వెమురాఫెనిబ్‌ను ఇపిలిముమాబ్‌తో కలిపిన ప్రయోగంలో కాలేయం దెబ్బతింటున్నట్లు 2013లో నివేదించారు. వేటిని ఏ మోతాదులో కలపాలన్నదే అసలు ప్రశ్న.

5. ముంబయి ప్రయోగం

ఆ మోతాదు ప్రశ్నకు మన దేశంలో ధర ప్రశ్న తోడైంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ భాగాల ముదిరిన క్యాన్సర్‌పై చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. 151 మంది రోగులందరికీ మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, టార్గెటెడ్ మందైన ఎర్లోటినిబ్ అనే మూడు నోటిమందులు ఇచ్చారు. వారిలో సగం మందికి ఇమ్యూనోథెరపీ మందు నివోలుమాబ్‌ను మూడు వారాలకొకసారి కేవలం 20 మిల్లీగ్రాములు జోడించారు. సాధారణ మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ఏడాది జీవించినవారి శాతం 16.3 నుండి 43.4కు పెరిగింది. మధ్యస్థ జీవితకాలం 6.7 నెలల నుండి 10.1 నెలలకు చేరింది. ఇది పూర్తి మోతాదుతో పోల్చిన ప్రయోగం కాదు, వ్యాధిని నయం చేసిన ప్రయోగమూ కాదు. కాని పూర్తి మోతాదు కొనలేని రోగికి, ఏమీ లేకపోవడానికీ అందని మందుకీ మధ్య ఒక దారి చూపింది.

తెలుగు ప్రాంతానికి ఈ క్యాన్సర్లు కొత్తవి కావు. చుట్ట నిప్పుకొనను నోట్లో ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలిలో కలిగే మార్పులపై శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన అధ్యయనాన్ని పిండ్‌బోర్గ్ బృందం 1971లోనే ప్రచురించింది.

6. ముగింపు

1948లో పిల్లలకు కొన్ని నెలలే ఇవ్వగలిగిన అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్, 1960లలో మరో మూడు మందుల సరసన చేరి నయమయ్యే దారి వేసింది. 2022 నాటికి ఇమ్యూనోథెరపీ, టార్గెటెడ్ మందుల పక్కన చవకైన తోడుగా నిలిచింది. దీన్నిబట్టి సుబ్బారావు వారసత్వాన్ని ఒక ఆవిష్కరణగా కాక, తరువాతివారు పూరిస్తూ వచ్చిన అసంపూర్ణ వాక్యంగా చదవడం సముచితం. గంపలగూడెం వంటి మండల కేంద్రం నుండి చికిత్స కోసం విజయవాడకో హైదరాబాదుకో బయలుదేరే రోగికి ఏ కలయిక శ్రేష్ఠమన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఏ కలయిక అందుతుందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. తెలుగులో వైద్యచరిత్ర రచన ఈ రెండో ప్రశ్నను కూడా తన పరిధిలోకి తీసుకోవలసి ఉంది.