పుట్టింటికి వచ్చిన చేప

చేపల గురించి వ్యాసం రాస్తున్నానంటే మా పక్కింటి పిన్నిగారు, "రాయడానికి నీకింకేం దొరకలేదటే?" అన్నారు. దొరక్కపోవడమేం, బోలెడున్నాయి. కానీ కులూ లోయ చూసివచ్చిన మా తమ్ముడు చెప్పిన సంగతొకటి నా బుర్రలోంచి ఓ పట్టాన పోవడం లేదు.

అక్కడి కొండనదుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందండీ. దాన్ని పట్టాలంటే ముందుగా మత్స్యశాఖవారికి రుసుము కట్టి, అనుమతి కాగితం పుచ్చుకోవాలి. గాలం తప్ప వల పనికిరాదు. రోజుకు ఆరు చేపలు మించకూడదు. మరీ చిన్నది పడితే మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. నవంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అయితే అసలు పట్టనేకూడదు. మగపెళ్ళివారు కూడా ఇన్ని షరతులు పెట్టరు కదా! ఒక్క చేపకు ఇంత రాజభోగం ఎందుకా అని పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే ఆ కథలో సగం మన ఆడవాళ్ళకు బాగా తెలిసిన కథే.

ఈ గాలం మనవాళ్ళు వానపామును గుచ్చి, గట్టున చతికిలబడి వేసే గాలం కాదు. దీనికి ఎర నిజం పురుగు కాదు, పురుగు బొమ్మ. చిన్న కొక్కేనికి కోడి ఈక, కుందేలు బొచ్చు పెట్టి, పట్టుదారం చుట్టి, అచ్చం ఏటిమీద ఎగిరే పురుగులా తయారుచేస్తారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'ఫ్లై' అంటారు, అంటే ఈగ అన్నమాట. ఈకముక్కకు బరువేం ఉంటుంది, ఎంతదూరం పోతుంది? అందుకని బరువంతా దారంలోనే ఉంచుతారు. ఆ దారాన్ని బెత్తంతో తలమీదుగా వెనక్కీ ముందుకీ ఆడించి విసిరితే, కొసనున్న ఈగ వెళ్ళి నీటిమీద మెల్లగా వాలుతుంది. ట్రౌటు నిజం పురుగే అనుకుని నోరు తెరుస్తుంది. పట్టుదారాలూ, ఈకలూ, రంగుల పొందికా చూస్తే మన కుట్టుపనికి ఇది దగ్గర చుట్టమే అనిపిస్తుంది.

గాలపు విద్యమీద ఇంగ్లీషులో మొట్టమొదట అచ్చయిన పుస్తకం 1496 నాటిది. దాన్ని రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని చాలాకాలం చెప్పుకున్నారు. అందుకు గట్టి ఆధారం లేదని పండితులు తర్వాత తేల్చారనుకోండి. ఎవరు రాస్తేనేం, అందులో పన్నెండు రకాల ఈగల సంగతి చెప్పి ఊరుకోలేదు, నాలుగు బుద్ధులు కూడా చెప్పారు. పరాయివాళ్ళ నీళ్ళలో అడక్కుండా పట్టవద్దు, ఎవరి కంచే విరగ్గొట్టవద్దు, తీసిన గేటు మళ్ళీ వెయ్యండి, ఆశకొద్దీ ఎక్కువ చేపలు పట్టకండి అని. అంటే పట్టే విద్య ఎంత పాతదో, చాలించుకోమనే నీతీ అంత పాతదే.

అసలు ట్రౌటు మన దేశపు చేప కాదు. చల్లటి నీళ్ళుంటే తప్ప బతకదు. మన కొండలమీద ఏళ్ళతరబడి ఉద్యోగాలు వెలగబెట్టిన తెల్లదొరలకు సొంతూరి వాగులు గుర్తొచ్చి, దాన్ని ఇక్కడికి తేవాలని సరదా పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో డాక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1860ల్లో నీలగిరులకు తేవాలని చూశాడు, కుదరలేదు. (ఈయన పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.) 1907లో అవలాంచిలో గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టాకగానీ నీలగిరుల్లో ట్రౌటు నిలదొక్కుకోలేదు.

కాశ్మీరుకు 1899లో బెడ్‌ఫర్డ్ ప్రభువు పదివేల గుడ్లు పంపించాడు. సముద్రాలు దాటి, కొండలెక్కి వచ్చేసరికి అన్నీ పాడైపోయాయి. 1900లో రెండోసారి తెప్పించినవి బతికి బట్టకట్టాయి. శ్రీనగర్‌లో తివాచీల కార్ఖానా నడిపే ఫ్రాంక్ మిచెల్ వాటిని సాకే పని నెత్తికెత్తుకున్నాడు. మహారాజా ప్రతాప్ సింగు అండగా నిలిచాడు. 1909లో కులూలో కూడా ఆ పని మొదలైంది.

ఇక ఆ చలికాలపు నిషేధం సంగతి. శీతాకాలం రాగానే నదుల్లోని ట్రౌటు పైనున్న చిన్నచిన్న వాగుల్లోకి ఎదురీదుతుంది. ఆడచేప తోకతో గులకరాళ్ళను తొలిచి, గుంటచేసి, గుడ్లు పెట్టి, మళ్ళీ గులకతో కప్పుతుంది. నీళ్ళు ఐదు డిగ్రీల చలిలో ఉంటే ఆ గుడ్డు పిల్ల కావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో వాగులో కాలుపెట్టి తొక్కినా గుడ్లు చితికిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నది మూసెయ్యడమంటే మరేం కాదు, పురిటిగది తలుపు దగ్గరగా వెయ్యడమే!

ఇదంతా బాగానే ఉంది గానీ, ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఈ రూళ్ళన్నీ మొదట్లో ఎవరి కోసం? దొరల వినోదం కోసం. నదిని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్క కాగితం ఉన్నవాడికి రాసిచ్చారు. తరతరాలుగా ఆ ఒడ్డున ఉన్నవాడు తన ఏట్లో వలవేస్తే నేరస్థుడయ్యాడు. కాశ్మీరీ పండితుల ఇళ్ళలో పుష్యమాసంలో గృహదేవతకు చేపా అన్నం నైవేద్యం పెట్టే పండగే ఉంది. అలాంటి చోట చేప ఒకరి సరదా, ఇంకొకరి కూడు.

పోనీ అక్కడివాళ్ళకు చేపను కాపాడ్డం తెలియదా అంటే, అదీ కాదు. కాశ్మీరులోని మట్టన్ గుడి కోనేటి చేపలను ఎవరూ ముట్టుకోరు. అంతదూరం ఎందుకు, మన శృంగేరిలో తుంగానది మెట్లమీద నిలబడి మరమరాలు వెయ్యని తెలుగువాళ్ళు ఉన్నారా? అక్కడ పోలీసూ లేడు, పర్మిటూ లేదు. భక్తితో పాటించిన రూలు దొరల కాగితంకంటే ఎంతో పాతది. ఒక్క సంతోషం ఏమిటంటే, ఇవాళ హిమాచల్‌లో, కాశ్మీరులో ఎన్నో రైతుకుటుంబాలు ఇంటిపక్కన సిమెంటు తొట్లు కట్టించి, కొండనీళ్ళు పారించి, ట్రౌటు పెంచి అమ్ముకుంటున్నాయి. దొరల చేప చివరికి ఒడ్డునున్నవాళ్ళకు నాలుగు డబ్బులు తెచ్చిపెడుతోంది.

ఇప్పుడు ఫ్రాన్సిస్ డే గారిని పిలుద్దాం. దేశంలోని నదులన్నిటిలో చేపలు ఎలా పాడైపోతున్నాయో ఆయన 1873లో పెద్ద నివేదిక రాశాడు. ఆనకట్టలు కడితే గుడ్లు పెట్టడానికి ఎదురీదే చేపలు దారిలేక నిలిచిపోతాయనీ, చేపపిల్లల్ని ఊడ్చిపెట్టేస్తున్నారనీ మొత్తుకున్నాడు. 1897లో వచ్చిన భారత మత్స్యచట్టం మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు చంపడాన్ని నేరం చేసింది. అది మన గోదావరికి కూడా వర్తించిన చట్టమే.

గోదావరి అనగానే మీకు పులస గుర్తొచ్చి ఉంటుంది. నాకూ అదే గుర్తొచ్చింది. పులస కూడా ట్రౌటు చేసే పనే చేస్తుంది. సముద్రంలో తిరిగే చేప వానాకాలం ఎర్రనీళ్ళు రాగానే తాను పుట్టిన నదిలోకి ఎదురీదుతూ వస్తుంది, గుడ్లు పెట్టడానికి. అచ్చంగా పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మనకు అన్నం పెట్టింది, కాదనను. కానీ ఈ పిల్లకు పుట్టింటి దారి అక్కడితో మూసుకుపోయింది. ఆ కాస్త దూరంలోనే మనం వలలు పట్టుకుని ఎదురుచూస్తాం. పైగా బజారులో గుడ్లున్న చేపకే గిరాకీ! కొండల్లో ట్రౌటుకు తలుపు దగ్గరగా వేసే అదనులోనే మనం పులసకు పొయ్యి వెలిగిస్తున్నాం.

తినడం మానెయ్యమని నేనడం లేదు. మా ఇంట్లోనూ బెండకాయలు, వంకాయలు వేసి, చట్టిలో రాత్రంతా ఊరబెట్టి, మర్నాడు తినేవాళ్ళమే. ఆరు చాలు అని కొండమనిషి అనుకోగలిగినప్పుడు, ఏడాదికి ఒక్కసారి చాలు, గుడ్లున్నదే కావాలన్న పట్టు వద్దు అని మనం అనుకోలేమా? రూళ్ళు సర్కారు రాస్తే రాయనీండి, చట్టి పొయ్యిమీద పెట్టేది మనమే కదండీ.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. ఎవరు కట్టారో గానీ, మగవాడే కట్టి ఉంటాడు. ఇలా అమ్ముకుంటూ తింటూ పోతే, మన మనవరాళ్ళ కాలానికి పుస్తెలైతే మెడలో ఉంటాయి, పులసే ఉండదు.