ఖగోళ బోధనలో లఘు వీడియోలు

ఖగోళ శాస్త్రంలోగానీ సామాన్య శాస్త్రంలోగానీ ఏదో ఒక్క అంశాన్ని కొద్ది నిమిషాల్లో వివరించేందుకు తీసే చిత్రాలే బోధనా లఘు వీడియోలు. భారతదేశంలో గ్రామీణ బడులకు ఈ పద్ధతిని పెద్ద ఎత్తున చేరవేసిన తొలి ప్రయత్నం 1975–76 నాటి ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్). ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం వినే, కర్ణాటకలోని చాకవేలు వంటి ఊళ్లకు ఈ పద్ధతి ఎంతో అవసరం.

సైట్ ప్రయోగం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఈ ప్రయోగం నడిపింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు ఎంపికయ్యాయి. పల్లెల్లో తీగవలతో చేసిన మూడు మీటర్ల యాంటెనాలు నేరుగా ఉపగ్రహ సంకేతాలను అందుకున్నాయి. ఉదయం గంటన్నర ప్రసారం బడిపిల్లలకే. దాన్ని హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషలకు పంచగా ఒక్కో భాషకు సుమారు 22 నిమిషాలు దక్కేవి. ఈ ప్రయోగంలో కీలకపాత్ర వహించిన భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్, పిల్లలకు సైన్సు చుట్టూ ఉన్న వస్తువుల నుంచే మొదలవ్వాలని నమ్మారు. ఒక దృశ్యానికి రెండు భాషల వ్యాఖ్యానం జోడించే వీలు కూడా ఆ ఉపగ్రహంలో ఉండేది.

ఖగోళానికి ఎందుకు

ఖగోళ విషయాలు కాలంలోనూ దూరంలోనూ పిల్లల చూపుకు అందనంత పెద్దవి. చంద్రకళలు ఒక చుట్టు తిరగడానికి 29.5 రోజులు పడుతుంది. వీడియో దాన్ని నిమిషానికి కుదించి, భూమి మీది చూపునూ అంతరిక్షం నుంచి చూపునూ పక్కపక్కనే నిలుపుతుంది. నల్లబల్ల మీద గీసిన బొమ్మతో ఇది సాధ్యం కాదు.

నిడివి, నిర్మాణం

ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన ఒక అధ్యయనం, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి చూడడం లేదని తేల్చింది. అయితే పొట్టిగా ఉంటే చాలదు. డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన ప్రకారం, సరైన వివరణను సాఫీగా చెప్పేసే వీడియో కన్నా, పిల్లల్లో ఉన్న పొరపాటు భావనను ముందుగా బయటపెట్టి ఆ తర్వాత దిద్దే వీడియో ఎక్కువ నేర్పుతుంది. ఎండాకాలంలో సూర్యుడు దగ్గరవుతాడన్నది అలాంటి భావనే. నిజానికి భూమి జనవరి ఆరంభంలో సూర్యుడికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, జులైలో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఋతువులకు కారణం 23.4 డిగ్రీల అక్షపు వాలు.

చాకవేలు పరిసరాల్లో

చాకవేలు కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా, బాగేపల్లి ప్రాంతంలోని గ్రామం. బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, ప్రభుత్వ బడుల్లో పాఠం మాత్రం ఎక్కువగా కన్నడంలో సాగుతుంది. ఒకే దృశ్యానికి రెండు భాషల వ్యాఖ్యానం ఉంటే ఇక్కడి పిల్లలు ఇంటి భాషలో అర్థం చేసుకుని, బడి భాషలో జవాబు రాయగలుగుతారు. దేశవ్యాప్త డిజిటల్ విద్యా వేదిక దీక్ష 2017లో మొదలయ్యాక, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో వీడియో ఫోన్‌లోకే వస్తోంది.

స్థానిక విషయాలకూ కొదవ లేదు. ఇదే జిల్లాలోని గౌరీబిదనూరులో 1976 నుంచి పనిచేస్తూ వచ్చిన రేడియో పరిశీలన కేంద్రాన్ని భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధనా సంస్థ కలిసి నెలకొల్పాయి. అక్కడ వెయ్యి డైపోల్ యాంటెనాలను టి ఆకారంలో పరిచి, 34.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఆకాశం నుంచి వచ్చే తరంగాలను విన్నారు. అంతేకాదు, ఈ ప్రాంతం కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందున ఏటా ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు నడుమ మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు కర్ర నీడ మాయమవుతుంది. ఆ పూట బడి ఆవరణలో తీసిన రెండు నిమిషాల చిత్రం, ఎక్కడో తయారైన యానిమేషన్ కన్నా పిల్లలకు దగ్గరగా ఉంటుంది.

పరిమితులు

సూర్యుణ్ణి, గ్రహాలను, వాటి దూరాలను ఒకే కొలతలో ఒక తెర మీద చూపడం కుదరదు. అందుకే చాలా వీడియోల్లో గ్రహాలు పెద్దవిగా, దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. సూర్యుణ్ణి మీటరు వెడల్పు గోళంగా అనుకుంటే భూమి 9 మిల్లీమీటర్ల గింజ, వాటి మధ్య దూరం 107 మీటర్లు. ఈ దూరాన్ని పిల్లల చేత బడి మైదానంలో నడిపించాల్సిందే. కాబట్టి మంచి బోధనలో వీడియోకు ముందు ఒక ప్రశ్న, తర్వాత ఒక పరిశీలన తప్పనిసరిగా ఉంటాయి. ఆ రెండింటినీ సమకూర్చే పని ఉపాధ్యాయుడిదే.